ఏథెన్స్‌లో ఆఖరి అంచె: లిలియన్ బోర్డ్ ఇరవై రెండేళ్ల జీవితం

మహిళల 4×400 మీటర్ల రిలే ప్రపంచ రికార్డుల క్రమాన్ని తిరగేస్తే 1969 సెప్టెంబరు 20 తేదీ వద్ద ఒక విచిత్రం కనిపిస్తుంది. 3 నిమిషాల 30.8 సెకన్లు అనే ఒకే కాలానికి ఎదురుగా బ్రిటన్, ఫ్రాన్స్ అనే రెండు దేశాల పేర్లు నమోదై ఉన్నాయి. రెండు జట్లూ పరిగెత్తింది ఒకే పోటీలో, ఒకే మైదానంలో. రికార్డును రెండు దేశాలు పంచుకోవచ్చు గాని స్వర్ణ పతకాన్ని పంచుకోవడానికి వీలులేదు. అది బ్రిటన్‌కు దక్కింది. దక్కించినది ఆ జట్టులో చివరగా పరిగెత్తిన ఇరవై ఏళ్ల యువతి. ఆమె పేరు లిలియన్ బోర్డ్. ఆ విజయం తరువాత ఆమె బతికింది పదిహేను నెలలు మాత్రమే.

రిలే అనే మాటను తెలుగు పత్రికలు ఉన్నది ఉన్నట్టే వాడుతున్నాయి. నిజానికి దానికి సరితూగే మాట మన భాషలో ఏనాటి నుంచో ఉంది. ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి టపా అందుతూ సాగే పద్ధతిని అంచె అనేవారు. అంచెలంచెలుగా అనే నేటి వాడుకకు మూలం అదే. రిలేలో ఒక్కో క్రీడాకారిణి పరిగెత్తే భాగాన్ని అంచె అనడంలో ఈ అనువాదకునికి ఇబ్బందేమీ కనబడలేదు. కనుక ఈ వ్యాసంలో ఆ మాటే ఉంటుంది.

లిలియన్ 1948 డిసెంబరు 13న దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జన్మించింది. కవల సోదరి ఐరీన్ ఆమెకు తోడుగా పుట్టింది. తల్లిదండ్రులు జార్జ్, ఫ్రాన్సెస్ ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ ప్రాంతీయులు. యుద్ధానంతర కాలంలో మెరుగైన బతుకును ఆశించి సముద్రం దాటినవారు. డర్బన్ తెలుగువారికి కొత్త ఊరు కాదు. చెరకు తోటల కూలికి మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి వెళ్లిన తెలుగు కుటుంబాల వారసులు అప్పటికే అక్కడ మూడు తరాలుగా స్థిరపడి ఉన్నారు. కవలలు పుట్టిన ఏడాదే వర్ణవివక్షను అధికార విధానంగా ప్రకటించిన పార్టీ అక్కడ గద్దెనెక్కింది. బోర్డ్ దంపతులు మాత్రం అక్కడ ఎక్కువ కాలం నిలవలేదు. పిల్లలు పసివాళ్లుగా ఉండగానే స్వదేశానికి తిరిగివచ్చి, కొంతకాలం మాంచెస్టర్‌లో ఉండి, 1956లో పశ్చిమ లండన్‌లోని ఈలింగ్‌కు చేరారు.

అక్కడి బాలికల పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలి దృష్టి ఈ బాలికపై పడింది. ఆమె ప్రోత్సాహంతోనే లిలియన్ లండన్ ఒలింపియాడ్స్ అనే మహిళల అథ్లెటిక్ క్లబ్బులో చేరింది. తొలి ఇష్టం పరుగు కాదు, లాంగ్‌జంప్. పాఠశాల స్థాయిలో జాతీయ విజేతగా కూడా నిలిచింది. కాలక్రమంలో దూకుడు కన్నా దానికి ముందరి పరుగే ఆమె అసలు బలమని తేలింది. తండ్రి జార్జ్ స్వయంగా శిక్షణ బాధ్యత చేపట్టారు. ఆయన గుర్తింపు పొందిన శిక్షకుడేమీ కాదు. నిర్మాణ పనులతో ఇల్లు గడుపుకునే సాధారణ గృహస్థు. పుస్తకాలు చదివి, ఇతర శిక్షకులను గమనించి, కూతురి శరీరానికి ఏది సరిపోతుందో తానే నిర్ణయించుకున్నారు. తండ్రి శిక్షణలో పైకి వచ్చిన క్రీడాకారిణుల కథలు మన దేశ పాఠకులకు సుపరిచితమే కాబట్టి ఆ అనుబంధంలోని బలమూ బరువూ వేరే వివరించనక్కరలేదు.

ఆమె ఎంచుకున్న దూరం 400 మీటర్లు. ఆ రోజుల్లో మహిళల విషయంలో ఇది ఇంకా కొత్త పోటీయే. దీనికి వెనుక ఒక దీర్ఘ చరిత్ర ఉంది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో తొలిసారిగా మహిళలకు 800 మీటర్ల పరుగు నిర్వహించారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కే గెలిచింది. జపాన్‌కు చెందిన హితోమి కినుయే రజతం సాధించి ఆసియా ఖండపు తొలి మహిళా ఒలింపిక్ పతక విజేత అయింది. పోటీ ముగిశాక అలసటతో కొందరు నేలపై కూలబడ్డారన్న దృశ్యాన్ని పత్రికలు గోరంతలు కొండంతలు చేసి రాశాయి. పురుషులు అలసి కూలబడితే వీరత్వమయ్యేది, స్త్రీలు కూలబడితే దుర్బలత్వమైంది. ఫలితంగా 1960 వరకు ఒలింపిక్స్‌లో 200 మీటర్లకు మించిన పరుగు మహిళలకు లేదు. 1960లో 800 మీటర్లు తిరిగి వచ్చింది. 400 మీటర్లు 1964లో టోక్యోలో గాని ప్రవేశించలేదు. ఇక నలుగురు కలిసి పరిగెత్తే 4×400 రిలేకు మహిళల విభాగంలో చోటు దొరకడానికి 1972 దాకా ఆగవలసి వచ్చింది. అంతర్జాతీయ సమాఖ్య ఆ పోటీకి ప్రపంచ రికార్డులను గుర్తించడం మొదలైనది 1969లోనే. అంటే లిలియన్ పరుగు జీవితం, ఈ పోటీ ఆవిర్భావం ఒకదానికొకటి పక్కపక్కనే నడిచాయి.

1966లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో జరిగిన కామన్వెల్త్ క్రీడల్లో పదిహేడేళ్ల లిలియన్ 440 గజాల పరుగులో అయిదో స్థానంలో నిలిచింది. మరుసటి ఏడాది వేసవిలో లాస్ ఏంజెలెస్‌లో అమెరికా జట్టుకూ కామన్వెల్త్ దేశాల జట్టుకూ మధ్య పోటీలు జరిగాయి. 400 మీటర్లలో ఆమె మొదట వెనుకబడి, ఆఖరి వంద మీటర్లలో ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చి 52.8 సెకన్లలో గెలిచింది. వెనుక నుంచి వచ్చి గెలవడం అనే ఆమె పద్ధతి అక్కడే లోకానికి తెలిసింది. ఇంటికి చేరేసరికి బ్రిటిష్ పత్రికలు ఆమెను బంగారు బాలికను చేసేశాయి. అదే ఏడాది కీవ్‌లో జరిగిన యూరోపియన్ కప్ ఫైనల్లోనూ ఆమెదే గెలుపు. ఆ తరువాత మెక్సికో ఒలింపిక్స్ స్వర్ణం ఆమెదేనని ఆ దేశమంతా తీర్మానించుకుంది. పద్దెనిమిదేళ్ల పిల్ల భుజాన అంత బరువు పెట్టడం న్యాయమా అన్న ప్రశ్న ఎవరికీ తోచినట్టు లేదు.

1968 అక్టోబరు 16న మెక్సికో నగరంలో, సముద్ర మట్టానికి 2,240 మీటర్ల ఎత్తున, ఆ ఫైనల్ జరిగింది. అమెరికా నల్లజాతి క్రీడాకారులు టామీ స్మిత్, జాన్ కార్లోస్ విజయ వేదికపై పిడికిళ్లు బిగించి నిలిచిన రోజు కూడా అదే. చరిత్ర పుస్తకాలలో ఆ రోజు వారిద్దరిదే అయిపోయింది. మహిళల 400 మీటర్ల పరుగులో అమెరికాకు చెందిన జార్విస్ స్కాట్ మొదటి సగాన్ని విపరీతమైన వేగంతో పరిగెత్తి, ఆ మూల్యాన్ని రెండో సగంలో చెల్లించుకుంది. ఆఖరి మలుపు దాటి నేరుగా సాగే దారిలోకి వచ్చేసరికి లిలియన్ ముందుంది. గీత దగ్గర పడుతోంది. అప్పటివరకు ఎవరి అంచనాలలోనూ లేని ఫ్రాన్స్ వ్యాయామ ఉపాధ్యాయురాలు కొలెట్ బెసోన్ వెనుక నుంచి ఉప్పెనలా వచ్చి చివరి అడుగులలో ఆమెను దాటేసింది. బెసోన్ కాలం 52.03 సెకన్లు, లిలియన్ కాలం 52.12. సోవియట్ యూనియన్‌కు చెందిన నటాలియా పెచోంకినా మూడో స్థానంలో నిలిచింది.

తేడా సెకనులో వందో వంతుల లెక్కన తొమ్మిది. 1984లో లాస్ ఏంజెలెస్‌లో పీటీ ఉష ఒకే ఒక్క వందో వంతు తేడాతో పతకం కోల్పోయిన దేశంలో ఈ అంకెకు వ్యాఖ్యానం అవసరం లేదు. అయితే ఒక భేదముంది. ఉషకు చేజారింది కాంస్యం. ఆమెను దేశం అక్కున చేర్చుకుంది. లిలియన్‌కు దక్కింది రజతం. అయినా ఆమె ఏదో పోగొట్టుకుని వచ్చినట్టే ఇంటి పత్రికలు రాశాయి. పందొమ్మిదేళ్ల వయసులో ఒలింపిక్ రజతాన్ని ఓటమిగా మోయవలసి రావడం చిన్న శిక్ష కాదు. వెనుక నుంచి వచ్చి గెలిచే విద్య తన సొంతమనుకున్న అమ్మాయిని అదే విద్యతో మరొకరు ఓడించారు.

1969 ఆరంభం వెన్నునొప్పితో గడిచింది. వేగం పెంచే సాధన సాగకపోవడంతో తండ్రీకూతుళ్లు దృష్టిని 800 మీటర్లపైకి మళ్లించారు. ఆ దూరం ఆమెకు పూర్తిగా కొత్త కాదు. 1968 జులైలో లండన్‌లో యుగోస్లావియాకు చెందిన వెరా నికోలిచ్ 2 నిమిషాల 0.5 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పిన పరుగులో లిలియన్ కూడా ఉంది. ఇందులో ఒక పూర్వోదాహరణ కూడా ఉంది. టోక్యోలో బ్రిటన్‌కే చెందిన ఆన్ ప్యాకర్ 400 మీటర్లలో రజతంతో సరిపెట్టుకుని, కొద్ది రోజులకే 800 మీటర్లలో స్వర్ణం సాధించింది.

ఆ ఏడాది సెప్టెంబరులో ఏథెన్స్ నగరం యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌లకు ఆతిథ్యమిచ్చింది. పోటీలు జరిగింది రేవు పట్టణమైన పిరియస్‌లోని కరైస్కాకిస్ మైదానంలో. 800 మీటర్ల ఫైనల్లో ప్రపంచ రికార్డు కలిగిన నికోలిచ్ కూడా బరిలో ఉంది. లిలియన్ ఈసారి ఎవరికీ సందేహానికి తావివ్వలేదు. 2 నిమిషాల 1.4 సెకన్లలో, ఛాంపియన్‌షిప్ రికార్డుతో, స్పష్టమైన దూరంతో గెలిచింది. డెన్మార్క్‌కు చెందిన అన్నలీస్ డామ్ ఒలెసెన్ రెండో స్థానంలో, నికోలిచ్ మూడో స్థానంలో నిలిచారు. మెక్సికో అప్పు తీరిపోయిందని అందరూ అనుకున్నారు. అసలు లెక్క ఇంకా మిగిలే ఉంది.

4×400 రిలేను యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌లలో మహిళలకు నిర్వహించడం అదే మొదటిసారి. ఈ పోటీ స్వభావం గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. 4×100 రిలేలో కర్ర అందుకునే క్రీడాకారిణి వెనుతిరిగి చూడదు. చేతిని వెనక్కి చాచి గుడ్డి నమ్మకంతో పరుగు అందుకుంటుంది. పొడవైన రిలేలో ఆ పద్ధతి చెల్లదు. 400 మీటర్లు పూర్తి వేగంతో పరిగెత్తి వచ్చే మనిషి కాళ్లు ఆ సమయానికి ఈయం పోసినట్టు బిగుసుకుపోయి ఉంటాయి. ఎంత వేగంతో వస్తుందో, ఎక్కడ తడబడుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే అందుకునేవారు వెనక్కి తిరిగి, వచ్చేవారి ముఖాన్ని చూస్తూ, ఆమె అలసటకు తగినట్టు తమ వేగాన్ని సర్దుకుంటూ కర్రను అందిపుచ్చుకోవాలి. ఇక చివరి అంచె పరిగెత్తేవారికి మరో పరీక్ష. కర్ర చేతికందిన క్షణంలో ముందున్నవారిని తరిమి పట్టుకోవాలని మనసు తొందరపెడుతుంది. ఆ తొందరకు లొంగితే చివరి వంద మీటర్లలో శక్తి మిగలదు.

ఆ కొత్త పోటీలో రికార్డులు ఆ వేసవి అంతా ఒకదాని వెంట ఒకటి కూలుతూనే ఉన్నాయి. ఏథెన్స్ ప్రాథమిక పోటీల్లో పశ్చిమ జర్మనీ 3 నిమిషాల 33.9 సెకన్లతో కొత్త రికార్డు నెలకొల్పింది. మరునాడు ఫైనల్. బ్రిటన్ తరఫున వరుసగా రోజ్‌మేరీ స్టిర్లింగ్, ప్యాట్ లోవ్, జానెట్ సింప్సన్, లిలియన్ బోర్డ్ సిద్ధమయ్యారు. వీరిలో సింప్సన్ నేపథ్యం ఆసక్తికరమైనది. ఆమె తల్లి వయొలెట్ వెబ్ 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో 4×100 రిలే కాంస్య పతక జట్టు సభ్యురాలు. కూతురు 1964లో టోక్యోలో అదే పోటీలో అదే పతకం సాధించింది. తల్లి చేతి నుంచి కూతురికి అందిన అంచె అది.

ఫ్రాన్స్ జట్టులో బెర్నాడెట్ మార్టిన్, నికోల్ దుక్లో, ఎలియాన్ జాక్, చివరి అంచెలో కొలెట్ బెసోన్. ఆ జట్టుకు బలమైన కారణాలే ఉన్నాయి. అదే ఛాంపియన్‌షిప్‌లో 400 మీటర్ల ఫైనల్లో దుక్లో, బెసోన్ ఇద్దరూ 51.7 సెకన్లతో ప్రపంచ రికార్డు సృష్టించారు. ఛాయాచిత్రం చూస్తే గాని విజేత ఎవరో తేలలేదు. తేలినది దుక్లో. ప్రపంచ రికార్డు వేగంతో పరిగెత్తి కూడా బెసోన్ రజతంతో సరిపెట్టుకుంది. ప్రపంచంలోనే అత్యంత వేగవంతులైన ఇద్దరు క్రీడాకారిణులు ఒకే జట్టులో ఉంటే, ఎదుటి జట్టుకు మిగిలే ఆశ ఎంత?

మూడు అంచెలు ముగిసేసరికి ఫ్రాన్స్ ముందుంది. బెసోన్ కర్ర అందుకుని సాగిపోయింది. ఆమె వెనుక కొన్ని మీటర్ల దూరంలో లిలియన్ బయలుదేరింది. పదకొండు నెలల క్రితం మెక్సికోలో ఒకరినొకరు ఎదుర్కొన్న ఇద్దరే మళ్లీ ఎదురుపడ్డారు, స్థానాలు మాత్రం తారుమారయ్యాయి. లిలియన్ తొందరపడలేదు. మొదటి మలుపులో గాని, వెనుక వైపు దారిలో గాని ఆ దూరాన్ని ఒక్కసారిగా మింగేయాలని చూడలేదు. 800 మీటర్ల సాధన నేర్పిన ఓపిక అక్కడ అక్కరకు వచ్చింది. ఆఖరి మలుపు నుంచి ఒక్కో అడుగూ దగ్గరవుతూ, చివరి దారిలో పక్కకు చేరి, గీత మీద ఛాతీని ముందుకు వంచింది. ఇద్దరూ ఒకేసారి చేరినట్టే కనిపించింది. గడియారాలు రెండు జట్లకూ 3 నిమిషాల 30.8 సెకన్లే చూపాయి. అప్పటి అధికారిక కాలాలను పదో వంతు దాకానే లెక్కించేవారు కాబట్టి గడియారం తీర్పు చెప్పలేకపోయింది. మళ్లీ ఛాయాచిత్రమే చెప్పింది. లిలియన్ ముందుంది.

ముందటి రోజు వరకు ఉన్న ప్రపంచ రికార్డు మూడు సెకన్లకు పైగా తగ్గింది. 3 నిమిషాల 32.7 సెకన్లతో మూడో స్థానంలో నిలిచిన పశ్చిమ జర్మనీ కూడా తన పాత రికార్డును మించిపోయింది. బెసోన్ సంగతి ఆలోచిస్తే మనసు చివుక్కుమంటుంది. ఒకే వారంలో రెండు ప్రపంచ రికార్డులలో ఆమెకు భాగముంది, రెండింటిలోనూ వెంట్రుకవాసిలో స్వర్ణం తప్పింది. క్రీడా ఫలితాల పట్టికలు గెలిచినవారి పట్ల ఎంత ఉదారంగా ఉంటాయో ఓడినవారి పట్ల అంత పొదుపుగా ఉంటాయి. ఆ మేరకు ఈ రికార్డు ఎదుట రెండు దేశాల పేర్లు ఉండటం ఒక మంచి పనే.

1970 నూతన సంవత్సర పురస్కారాల్లో బ్రిటన్ ప్రభుత్వం లిలియన్‌కు ఎంబీఈ గౌరవాన్ని ప్రకటించింది. ఆమె వయసు ఇరవై ఒకటి. పరుగు ఒక్కటే ఆమె ప్రపంచం కాదు. దుస్తుల రూపకల్పనలో ఆసక్తితో ఆ విద్య అభ్యసించింది. తన బట్టలు తానే కుట్టుకునేది. అప్పటికి అథ్లెటిక్స్ ఔత్సాహికుల క్రీడ. పరుగుతో డబ్బు సంపాదించడం నిబంధనలకు విరుద్ధం కనుక పతకాలు గెలిచినవారు కూడా బతుకుతెరువుకు ఉద్యోగం చూసుకోవలసిందే. డేవిడ్ ఎమరీ అనే యువ పాత్రికేయునితో వివాహం నిశ్చయమైంది. ఇక ముందున్న గమ్యం 1972 మ్యూనిక్ ఒలింపిక్స్, అందులో 800 మీటర్ల స్వర్ణం.

ఆ ఏడాది వసంతం నుంచే కడుపునొప్పి మొదలైంది. ఆకలి తగ్గింది, బలం తగ్గింది. జూన్‌లో లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగిన జాతీయ మహిళల పోటీల్లో 800 మీటర్లు పరిగెత్తి మూడో స్థానం పొందింది. ఆమె పాల్గొన్న ఆఖరి పోటీ అదే. జులైలో ఎడిన్‌బరోలో కామన్వెల్త్ క్రీడలు జరిగాయి. 800 మీటర్ల ఫైనల్లో ఏథెన్స్ రిలే సహచరులే ఒకరితో ఒకరు తలపడ్డారు. స్కాట్లండ్ తరఫున స్టిర్లింగ్, ఇంగ్లండ్ తరఫున లోవ్ దాదాపు ఒకేసారి గీత దాటగా స్టిర్లింగ్‌కు స్వర్ణం, లోవ్‌కు రజతం దక్కాయి. ఆ వరుసలో ఉండవలసిన మూడో సహచరి అక్కడ లేదు.

వైద్యులు మొదట పేగులకు వచ్చే దీర్ఘకాలిక వాపు వ్యాధిగా భావించారు. ఇరవై ఒక్క ఏళ్ల వయసు, ప్రపంచ స్థాయి శరీర దారుఢ్యం కలిగిన మనిషిలో పెద్దపేగు క్యాన్సర్‌ను ఊహించడం ఆ రోజుల్లోనే కాదు, నేటికీ కష్టమే. యువతలో ఆ వ్యాధి లక్షణాలను మామూలు ఉదర సమస్యలుగా పొరబడటం సర్వసాధారణం. శస్త్రచికిత్స చేసి చూసేసరికి క్యాన్సర్ అప్పటికే వ్యాపించింది. బ్రిటన్ వైద్యుల వద్ద ఇవ్వడానికి పెద్దగా ఆశ మిగలలేదు.

నవంబరులో ఆమె పశ్చిమ జర్మనీలోని బవేరియాకు ప్రయాణమైంది. అక్కడ టెగర్న్ సరస్సు తీరాన రోటాక్ ఎగర్న్ అనే ఊళ్లో యోసెఫ్ ఇస్సెల్స్ అనే వైద్యుడు, ఇతరులు చేతులెత్తేసిన క్యాన్సర్ రోగుల కోసం ఒక చికిత్సాలయం నడిపేవాడు. గవదలను, పుచ్చిన పళ్లను తొలగించడం, కఠిన పథ్యం, టీకాలు, కృత్రిమంగా జ్వరం రప్పించడం అతని పద్ధతిలోని అంశాలు. వైద్య లోకం వాటిని గట్టిగా సందేహించింది. లిలియన్ వెళ్లడంతో ఆ చిన్న ఊరు ఒక్కసారిగా బ్రిటిష్ పత్రికల మొదటి పుటలకెక్కింది. ఆమె రోగశయ్య దేశవ్యాప్త చర్చకు వేదికైంది. ఆమె మరణానంతరం, 1971లో, బ్రిటన్ నిపుణుల బృందం ఆ చికిత్సాలయాన్ని పరిశీలించి, అక్కడి పద్ధతులు వ్యాధిని నయం చేస్తున్నాయనడానికి ఆధారం లేదని తేల్చింది. అంత మాత్రాన ఆ ప్రయాణాన్ని తప్పుపట్టడానికి కలం రాదు. ఇరవై రెండేళ్లు నిండని బిడ్డకు మందు లేదని ఒకరు, ఉందని మరొకరు అంటే ఏ తల్లిదండ్రులైనా రెండో తలుపే తడతారు. ఆ ఆశను అమ్మకానికి పెట్టినవారి లెక్క వేరు.

డిసెంబరు 13న ఆ చికిత్సాలయంలోనే ఆమెకు ఇరవై రెండేళ్లు నిండాయి. ఆ తరువాత పరిస్థితి విషమించి మ్యూనిక్‌లోని విశ్వవిద్యాలయ వైద్యశాలకు తరలించారు. క్రిస్మస్ మరునాడు, 1970 డిసెంబరు 26న, లిలియన్ బోర్డ్ కన్నుమూసింది. ఒలింపిక్ స్వర్ణం కోసం ఆమె చేరుకోవాలని కలగన్న నగరం అదే.

జనవరిలో లండన్‌లోని సెయింట్ పాల్ కెథడ్రల్‌లో సంస్మరణ ప్రార్థన జరిగింది. రాజవంశీకులకు, సేనానులకు, రాజనీతిజ్ఞులకు అలవాటైన ఆ గోపురం కింద ఒక పరుగు క్రీడాకారిణి కోసం జనం కిక్కిరిసిపోయారు. ఎమరీ ఆమె జీవితంపై పుస్తకం రాశాడు. క్యాన్సర్ కృషి కోసం ఆమె పేరిట ఒక నిధి ఏర్పడింది.

రికార్డుల లోకం ఎవరి కోసమూ ఆగదు. 1971లో హెల్సింకి యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌లో తూర్పు జర్మనీ 3 నిమిషాల 29.3 సెకన్లతో ఏథెన్స్ కాలాన్ని అధిగమించింది. మరుసటి ఏడాది మ్యూనిక్‌లో ఈ పోటీ ఒలింపిక్స్‌లో తొలిసారి ప్రవేశించినప్పుడు అదే తూర్పు జర్మనీ 3 నిమిషాల 23 సెకన్లకు చేరింది. మూడేళ్లలో దాదాపు ఎనిమిది సెకన్లు తగ్గడం మామూలు విషయం కాదు. కొత్త పోటీలో ఎదుగుదల వేగంగా ఉండటం సహజమే అయినా, ఆ దేశం ప్రభుత్వ పర్యవేక్షణలో క్రీడాకారులకు నిషిద్ధ మందులు ఇచ్చిన వ్యవహారం తరువాతి దశాబ్దాలలో బయటపడటంతో ఆ కాలపు అంకెలన్నిటినీ పాఠకుడు కొంత జాగ్రత్తగానే చదవవలసి వస్తుంది. 1988 అక్టోబరు 1న సియోల్‌లో సోవియట్ జట్టు నెలకొల్పిన 3 నిమిషాల 15.17 సెకన్ల రికార్డును 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 3 నిమిషాల 15.27 సెకన్లు పరిగెత్తిన అమెరికా జట్టు కూడా అందుకోలేకపోయింది.

భారత మహిళలకు అత్యంత కలిసివచ్చిన పరుగు పోటీ కూడా ఇదే. 2002 బుసాన్ నుంచి 2018 జకార్తా వరకు వరుసగా అయిదు ఆసియా క్రీడల్లో 4×400 స్వర్ణం మన జట్టుదే. 1984 లాస్ ఏంజెలెస్ ఫైనల్లో ఎండీ వల్సమ్మ, వందనా రావు, షైనీ అబ్రహాం, పీటీ ఉష 3 నిమిషాల 32.49 సెకన్లతో ఏడో స్థానంలో నిలిచారు. 1969 నాటి ఏథెన్స్‌లోనైతే అది కాంస్యానికి సరిపోయే కాలం. 2004లో అదే ఏథెన్స్ నగరంలో, ఒలింపిక్ ప్రాథమిక పోటీలో, రాజ్విందర్ కౌర్, కేఎం బీనామోల్, చిత్రా సోమన్, మన్‌జీత్ కౌర్ 3 నిమిషాల 26.89 సెకన్లతో జాతీయ రికార్డు సాధించారు. పారిస్‌లో పరిగెత్తిన భారత జట్టులో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన జ్యోతికశ్రీ దండి ఒక అంచె మోసింది.

1972 మ్యూనిక్ ఫైనల్లో బ్రిటన్ తరఫున నిలిచిన నలుగురిలో ఇద్దరు, జానెట్ సింప్సన్, రోజ్‌మేరీ స్టిర్లింగ్, ఏథెన్స్‌లో లిలియన్ వరకు కర్రను చేర్చినవారే. ఆ రోజు వారి జట్టు 3 నిమిషాల 28.7 సెకన్లలో పరుగు ముగించింది. ఏథెన్స్ ప్రపంచ రికార్డు కన్నా అది రెండు సెకన్లు మెరుగు. దక్కినది అయిదో స్థానం. కొలెట్ బెసోన్ 2005లో మరణించింది. ఆమెను తీసుకుపోయింది కూడా క్యాన్సరే. పారిస్‌లో ఒక ట్రామ్ స్టేషన్‌కు ఆమె పేరు పెట్టారు. లిలియన్ పేరుతో పశ్చిమ లండన్‌లోని గ్రీన్‌ఫోర్డ్‌లో ఒక వీధి ఉంది. మ్యూనిక్ ఒలింపిక్ పార్కులో ఒక కాలిబాటకు కూడా ఆమె పేరే.